రెప్ప ఫోటో మారలేదు, మంట తగ్గింది: వైద్యం పనిచేసినట్టా, కానట్టా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. కనురెప్పల్లో ఉండే నూనె గ్రంథులకు తీసే ఫోటో, అంటే మీబోగ్రఫీ. పెద్ద ఊళ్ళలోని కంటి ఆసుపత్రుల్లో ఈ పరీక్ష తరచుగా చేస్తున్నారు, ఫోటో కాపీ చేతికిస్తున్నారు, కానీ దాన్ని ఎలా చూడాలో వివరంగా చెప్పే తీరిక ఓపీ రద్దీలో దొరకడం లేదు. అందుకని మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి ఈ సంచికలో జాగా మొత్తం దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు, బ్యాంకులో ఉద్యోగం. రెండేళ్ళుగా కళ్ళు మంట, సాయంత్రమయ్యేసరికి ఇసుక పోసినట్టు గరగర. డాక్టర్ గారు రెప్ప తిప్పి ఫోటో తీసి, కింది రెప్పలో దాదాపు సగం గ్రంథులు పోయాయన్నారు. ఐపీఎల్ అనే లైట్ ట్రీట్‌మెంట్ నాలుగు సిట్టింగులు చేయించుకున్నాను. మంట బాగా తగ్గింది, రోజుకు ఆరుసార్లు వేసుకునే చుక్కలు ఇప్పుడు రెండుసార్లతో సరిపోతున్నాయి. కానీ మొన్న మళ్ళీ ఫోటో తీస్తే అచ్చం పాతదానిలాగే ఉంది. పెట్టిన డబ్బంతా నీళ్ళపాలైనట్టేనా?
(విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: కాలేదమ్మా. ఆరుసార్ల చుక్కలు రెండుసార్లకు దిగాయంటే వైద్యం పనిచేస్తున్నట్టే. ఫోటో మారకపోవడం ముందే ఊహించాల్సిన విషయం, ఆ మాట మొదటి సిట్టింగుకు ముందే మీకు చెప్పి ఉంటే ఈ దిగులు ఉండేది కాదు.

పై రెప్పలో 25 నుంచి 40 దాకా, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఈ గ్రంథులు పక్కపక్కనే నిలువుగా ఉంటాయి. 1666లో వీటిని వివరంగా వర్ణించిన జర్మన్ వైద్యుడు హైన్రిష్ మైబోమ్ పేరు మీదే మీబోమియన్ గ్రంథులు అంటాం. రెప్ప కొట్టినప్పుడల్లా ఇవి రెప్ప అంచు మీదికి కాస్త నూనె వదులుతాయి, అది కన్నీటి పైన పల్చటి పొరలా పరుచుకుని నీరు త్వరగా ఆవిరైపోకుండా ఆపుతుంది. ఈ గ్రంథుల జబ్బు మొదలైనప్పుడు ముందు చెడేది ఈ నూనే. చలికాలంలో నెయ్యి పేరుకున్నట్టు పేరుకుని గ్రంథి నోటి దగ్గర అడ్డం పడుతుంది, వెనక నూనె తయారవుతూనే ఉంటుంది కానీ బయటికి దారి ఉండదు, లోపల ఒత్తిడి పెరిగి పెరిగి కొంతకాలానికి నూనె తయారుచేసే కణాలే కృశించిపోతాయి. అలా పోయిన చోటే ఫోటోలో నల్లగా కనిపిస్తుంది.

మీ ఫోటో ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. మసక బూడిదరంగు మీద తెల్లటి నిలువు చారలు ఉంటాయి. ఒక్కో చార ఒక్కో గ్రంథి. పై రెప్పలో పొడవుగా, సన్నగా ఉంటాయి, కింది రెప్పలో పొట్టిగా, కొంచెం లావుగా. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి రెప్ప అంచు దగ్గర మొదలై లోపలికి చివరిదాకా తిన్నగా వెళ్తుంది. మీ దాంట్లో కొన్ని సగంలోనే తెగిపోయి ఉంటాయి, కొన్ని వంకర్లు తిరిగి ఉంటాయి, కొన్ని ఉబ్బి ఉంటాయి, ఒకటి రెండు చోట్ల చార అన్నదే లేకుండా ఖాళీగా ఉంటుంది. డాక్టర్ గారు సగం అన్నది ఈ ఖాళీలన్నీ కలిపి వేసిన లెక్క.

ఇప్పుడు ఐపీఎల్ చేసే పని చూడండి. కళ్ళకు రక్షణ కవచాలు పెట్టి, కింది రెప్పల దిగువన, బుగ్గల మీద కాంతిని పల్స్‌లుగా వేస్తారు. రెప్ప అంచున కొత్తగా అల్లుకున్న సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి, ఆ దారిన వచ్చే వాపు తగ్గుతుంది, వేడికి నూనె కాస్త పల్చబడుతుంది, తర్వాత డాక్టర్ రెప్పను నొక్కి పాత నూనెను బయటికి తీస్తారు. ఇదంతా బతికి ఉన్న గ్రంథులతో మళ్ళీ పని చేయించే వైద్యం. పోయిన గ్రంథి దీనితో మొలుస్తుందని ఆశపెట్టుకోకూడదు. మీలో మిగిలిన సగం ఇంతకుముందు మూసుకుపోయి ఉండేది, ఇప్పుడు తెరుచుకుంది, మంట తగ్గింది అందుకే. మరి గ్రంథి తెరుచుకోవడం ఫోటోలో కనబడదా అంటే, సరిగ్గా కనబడదు. ఫోటోలో ప్రధానంగా తెలిసేది గ్రంథి ఉందా, ఎంత పొడవు ఉంది అన్నదే, దాంట్లోంచి నూనె వస్తోందా లేదా అన్నది వేరే పరీక్షల్లో తెలుస్తుంది.

ఆ పరీక్షలు అడగండి. మొదటిది, రెప్ప అంచును వేలితో గానీ చిన్న పరికరంతో గానీ మెల్లగా నొక్కి మైక్రోస్కోప్‌లో చూడటం. నూనె తేటగా వస్తోందా, మబ్బుగానా, రవ్వలు రవ్వలుగానా, లేక టూత్‌పేస్ట్‌లా చిక్కగా వస్తోందా, అసలు ఎన్ని గ్రంథుల్లోంచి వస్తోందో అక్కడే తెలిసిపోతుంది. నన్నడిగితే వైద్యం ఫలితం చూడటానికి దీన్ని మించిన పరీక్ష లేదు, దీనికి ఖరీదైన మెషీన్ కూడా అక్కర్లేదు. రెండోది, ఫ్లోరెసీన్ రంగు వేసి నీలి లైట్లో కన్నీటి పొర ఎన్ని సెకన్లకు చిట్లుతోందో లెక్కపెట్టడం. 10 సెకన్ల లోపే చిట్లితే పొర నిలకడగా లేదన్నమాట. మూడోది మీ బాధ. ఓఎస్‌డీఐ అని 12 ప్రశ్నల కాగితం ఒకటి ఉంది, 0 నుంచి 100 దాకా స్కోరు వస్తుంది, వైద్యానికి ముందొకసారి, తర్వాతొకసారి నింపితే నిజంగా తగ్గిందో లేదో మీకే అంకెల్లో తెలుస్తుంది. ఈ మూడూ మెరుగుపడి ఫోటో అలాగే ఉంటే ఆ వైద్యం విజయవంతమైనట్టే లెక్క.

అయితే ఫోటో దండగ అని నేననడం లేదు. ఏడాది తర్వాత ఇంకోసారి తీయించి పాతదాని పక్కన పెట్టి చూడండి. అప్పుడూ ఇలాగే ఉంటే జబ్బు అక్కడ ఆగిందని అర్థం. నెమ్మదిగా నష్టం చేసే జబ్బులో "ఏమీ మారలేదు" అనే రిపోర్టు సంతోషించాల్సిన రిపోర్టు. ఇంకో సంగతి. ఈ ఫోటోను రెప్పకు లైటు తాకించకుండా, కెమెరా దూరంగా పెట్టి తీసే పద్ధతిని 2008లో ప్రకటించిన జపాన్ డాక్టర్ రెయికో అరిటా బృందం, ఏ కంటి జబ్బూ లేని మామూలు మనుషుల్లో కూడా వయసు పెరిగేకొద్దీ గ్రంథులు తగ్గుతాయని చూపించింది. కాబట్టి 46 ఏళ్ళ రెప్పను ఇరవై ఏళ్ళ రెప్పతో పోల్చుకుని భయపడొద్దు.

ప్రశ్న: డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఇక్కడి క్లినిక్‌లో నా కింది రెప్పకు గ్రేడ్ 2 అని రాశారు. సెలవుల్లో హైదరాబాద్ వచ్చినప్పుడు ఇంకో చోట తీయిస్తే గ్రేడ్ 1 అన్నారు. మధ్యలో ఎనిమిది నెలలు కాపడం, మసాజ్ శ్రద్ధగా చేశాను. తగ్గిందని సంతోషపడాలా, ఎవరో ఒకరు తప్పు చదివారని అనుకోవాలా?
(అమెరికా నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రెండూ అనుకోనక్కర్లేదు. ఇద్దరూ సరిగ్గానే చదివి ఉండొచ్చు, రెప్ప మారకుండానే అంకె మారి ఉండొచ్చు.

గ్రేడ్లు వేసే స్కేళ్ళు ఒకటికి మించి ఉన్నాయి. బాగా వాడుకలో ఉన్న మీబోస్కోర్‌లో 0 నుంచి 3 దాకా ఉంటాయి: ఏమీ పోకపోతే 0, మూడో వంతు కంటే తక్కువ పోతే 1, మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా పోతే 2, అంతకు మించితే 3. ఇంకో స్కేలులో 0 నుంచి 4 దాకా ఉంటాయి, అక్కడ పావు భాగం దాటగానే 2 పడుతుంది. మీ రెప్పలో 30 శాతం పోయిందనుకుందాం. మొదటి స్కేలులో అది 1, రెండో స్కేలులో 2. రెప్ప అదే, రోజు అదే అయినా ఇంత తేడా వస్తుంది. దీనికితోడు కొందరు పై రెప్ప, కింది రెప్ప స్కోర్లు కలిపి ఒక్క కంటికి 6 మార్కులకు రాస్తారు. అందుకే కాగితం మీద ఉత్త అంకె ఉంటే చాలదు, ఏ స్కేలో, ఏ రెప్పో కూడా రాయించుకోండి.

ఇక ఫోటో తీసే తీరు. కింది రెప్పను వేలితో లాగి తిప్పినప్పుడు కాస్త తక్కువ తిరిగితే గ్రంథుల అడుగు భాగాలు ఫ్రేములోకి రావు, పొట్టిగా కనిపించి పోయినట్టే లెక్కలోకి వస్తాయి. ఎక్కువ నొక్కి తిప్పితే సాగి ఇంకోలా కనిపిస్తాయి. ముక్కువైపు చివర, చెవివైపు చివర ఫోకస్ తరచుగా తప్పుతుంది. తడి మీద లైటు మెరిసి తెల్ల మచ్చ పడితే దాని కింద ఏముందో తెలియదు. ఒక కంపెనీ మెషీన్‌కు, ఇంకో కంపెనీ మెషీన్‌కు ఫోటో వెడల్పు, వెలుగు, సాఫ్ట్‌వేర్ లెక్క వేరు. అందుకని వైద్యం ఎలా నడుస్తోందో ఫోటోలతో చూడాలనుకుంటే అదే మెషీన్, అదే రెప్ప, వీలైతే అదే టెక్నీషియన్ ఉండాలి. ఆ ఊరిలో ఒకటి, ఈ ఊరిలో ఒకటి తీయించి పోల్చడం వృథా శ్రమ. డాలస్‌లో ఉండేది మీరే కాబట్టి అక్కడి క్లినిక్ ఫోటోనే ఆధారంగా పెట్టుకుని ఏడాదికోసారి అక్కడే తీయించండి, ప్రింటుతో పాటు ఒరిజినల్ ఫైల్ కూడా అడిగి తీసుకోండి, ఇల్లు మారినా, డాక్టర్ మారినా పనికొస్తుంది.

నూనె పొర మందాన్ని నానోమీటర్లలో చూపించే మెషీన్లు కూడా అక్కడ ఉంటాయి. అవి మంచివే, కాకపోతే ఆ రీడింగ్ రెప్ప ఎలా కొట్టారన్న దాన్నిబట్టి మారుతుంది, పొద్దున కంట్లో ఆయింట్‌మెంటో నూనె కలిసిన చుక్కలో వేసుకుని వెళ్తే అంకె అబద్ధం చెబుతుంది. పరీక్ష రోజు కంట్లో ఏమీ వేసుకోకుండా, కంటి మేకప్ లేకుండా వెళ్ళండి. వేసుకోక తప్పని గ్లకోమా చుక్కల్లాంటివి ఉంటే మానొద్దు, డాక్టర్‌కు చెప్పి వేసుకోండి.

ప్రశ్న: ఒక క్లినిక్ ప్రకటనలో వైద్యానికి ముందు, వైద్యం తర్వాత అని రెండు ఫోటోలు వేశారు. ముందు దాంట్లో నల్లగా ఉన్నచోట తర్వాత దాంట్లో తెల్ల చారలు వచ్చాయి. గ్రంథులు తిరిగి పెరుగుతాయని రాశారు. ప్యాకేజీ ఖరీదు మాకు చాలా ఎక్కువ, అయినా అమ్మ కోసం చేయిద్దామనుకుంటున్నాం. నమ్మొచ్చా?
(హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అమ్మకు వైద్యం చేయించండి, ఆ ఫోటోలు చూసి మాత్రం చేయించొద్దు.

నల్లగా ఉన్నచోట తెల్ల చార కనిపించడానికి రెండు మూడు కారణాలు ఉంటాయి. ఒకటి ఇందాక చెప్పిందే, రెండోసారి రెప్పను ఇంకొంచెం బాగా తిప్పి ఉంటారు. రెండోది, గ్రంథి చచ్చిపోకుండా ఉత్త ఖాళీగా ఉండి ఉంటుంది. ఈ ఫోటో తీసే ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో గ్రంథి తెల్లగా మెరవడానికి లోపలి నూనె కూడా కారణం కాబట్టి, నూనె లేని గ్రంథి మసకబారి దాదాపు కనిపించకుండా పోతుంది, వైద్యం తర్వాత నూనె చేరితే మళ్ళీ బయటపడుతుంది. ఇది నిజమైన మెరుగుదలే, సంతోషమే, కానీ కొత్త గ్రంథి పుట్టిందని కాదు. మూడోది, సన్నటి తీగను గ్రంథి నాళంలోకి పంపి అడ్డు తొలగించే ప్రొసీజర్ తర్వాత కొందరిలో గ్రంథి కాస్త పొడుగైందని వైద్య పత్రికల్లో రిపోర్టులు వచ్చాయి. అవి ఆసక్తికరమైనవే, కానీ వాటిని చూపించి సామాన్యుడి దగ్గర ప్యాకేజీ డబ్బులు వసూలు చేసేంత బలం వాటికి ఇంకా లేదు. ఇలా ఫోటోతో భయపెట్టి, ఇంకో ఫోటోతో ఆశపెట్టి అమ్మడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఈ జబ్బుతో వచ్చేవాళ్ళు అప్పటికే నెలల తరబడి మంటతో విసిగిపోయి ఉంటారు, ఏం చెప్పినా ఒప్పుకునే స్థితిలో ఉంటారు.

డబ్బు కట్టేముందు మూడు మాటలు అడగండి. అమ్మ రెప్ప నొక్కితే నూనె ఎలా వస్తోంది? రోజూ కాపడం, మసాజ్, మందులు సరిగ్గా వాడి చూశాకే ఈ వైద్యం చెబుతున్నారా? ఫలితం దేనితో కొలుస్తారు? మూడో దానికి "ఫోటోతో" అని మాత్రమే జవాబొస్తే ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి. ఐపీఎల్ అయితే ఇంకో ప్రశ్న కూడా ఉంది. చర్మం బాగా నలుపైతే ఆ కాంతిని చర్మమే పీల్చుకుని కాలి మచ్చలు పడే ప్రమాదం ఉంది, మన వైపు అలాంటి ఛాయ మామూలే కాబట్టి, అమ్మ చర్మానికి సెట్టింగ్ ఎంత పెడతారో, అసలు పనికొస్తుందో రాదో ముందే తేల్చుకోండి. పనికి రాకపోతే రెప్పను లోపలివైపు నుంచి 12 నిమిషాలు వెచ్చబెట్టి నొక్కే మెషీన్లు వేరే ఉన్నాయి, వాటికి చర్మం రంగుతో సంబంధం లేదు.

ప్రశ్న: మా ఊళ్ళో కంటి డాక్టర్ ఉన్నారు కానీ ఈ ఫోటో మెషీన్ లేదు. హైదరాబాద్ వెళ్ళి తీయించుకోకుండా వైద్యం మొదలుపెడితే తప్పా?
(నిజామాబాద్ జిల్లా నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తప్పేమీ లేదు. స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దగా చేసి చూసే లైటున్న మైక్రోస్కోప్) ఉన్న ఏ కంటి డాక్టర్ అయినా రెప్ప అంచు చూసి, నొక్కి చూసి ఈ జబ్బు గుర్తుపడతారు. ఫోటో లేదని కాపడం ఆపుకుని కూర్చుంటే నష్టపోయేది మీరే.

కాపడం గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "చేశానండీ, పనిచేయలేదు" అన్నవాళ్ళను చేసి చూపించమంటే చాలామంది తప్పుగా చేస్తుంటారు. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ కంటి మీద పెట్టుకుంటే ఒకటి రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది, చల్లారిన గుడ్డను పది నిమిషాలు పెట్టుకున్నా నూనె కరగదు. రెప్ప దగ్గర వేడి 40 డిగ్రీల పైన, 45 దాటకుండా, కనీసం ఐదు నిమిషాలు నిలవాలి. అందుకని రెండు గుడ్డలు పెట్టుకుని, ఫ్లాస్కులో వేడినీళ్ళు పక్కనుంచుకుని, రెండు నిమిషాలకోసారి మార్చండి, లేదా మందుల షాపుల్లో దొరికే వేడి నిలిచే కంటి మాస్క్ వాడండి. ముంజేతి మీద పెట్టి చూసుకుని, హాయిగా ఉంటేనే కంటి మీద పెట్టాలి. పెనం మీద కాల్చిన గుడ్డ, వేయించిన ఉప్పు మూట కంటికి వద్దు, రెప్ప చర్మం చాలా పల్చన, కాలిపోతుంది.

వేడి దిగకముందే మసాజ్ చేయాలి. కళ్ళు మూసుకుని పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందినుంచి పైకి, అంటే రెండూ వెంట్రుకల వైపుకి, వేలి చివరతో మెల్లగా తోయాలి. కనుగుడ్డు మీద ఒత్తిడి పడకూడదు. కెరటోకోనస్ (నల్లగుడ్డు మీది పారదర్శక పొర పల్చబడి ముందుకు ఉబ్బే జబ్బు) ఉన్నవాళ్ళు మసాజ్ జోలికి వెళ్ళొద్దు, డాక్టర్‌ను అడగాలి. తర్వాత శుభ్రమైన దూదితో రెప్ప అంచును తుడవాలి. రెప్ప లోపలి అంచు మీద కాటుక పెట్టే అలవాటు ఉంటే మానాలి, గ్రంథుల నోళ్ళు సరిగ్గా అక్కడే ఉంటాయి.

రెండు నెలలు ఇలా చేసినా తగ్గకపోతే, లేదా రెప్ప మీద కురుపులు మాటిమాటికీ లేస్తుంటే, లేదా కంటి చూపు మసకబారుతుంటే అప్పుడు పెద్దాసుపత్రికి వెళ్ళి ఫోటో కూడా తీయించుకోండి. అప్పుడది ఉపయోగపడుతుంది: గ్రంథులు చాలావరకు మిగిలి ఉంటే గట్టి వైద్యానికి ఫలితం ఆశించొచ్చు, దాదాపు అన్నీ పోయి ఉంటే ఎంత నొక్కినా వచ్చేదేమీ ఉండదు కాబట్టి కృత్రిమ కన్నీటి చుక్కల మీద, కంటిని కాపాడే వేరే మార్గాల మీద దృష్టి పెడతారు.

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్ళు, రెప్ప మీద కురుపు మూడోసారి వచ్చింది. ఈ ఫోటో తీయాలన్నారు. ఎక్స్‌రేలాగా రేడియేషన్ ఉంటుందా? నొప్పి పుడుతుందా?
(రాజమండ్రి నుంచి ఒక తల్లి)

జవాబు: రేడియేషన్ భయం వద్దమ్మా. వాడేది ఇన్‌ఫ్రారెడ్ కాంతి, కంటికి కనిపించదు. కింది రెప్పను కాస్త లాగుతారు, పై రెప్పను తిప్పుతారు, అక్కడ మాత్రం పిల్లలకు ఒక్క క్షణం చిరాగ్గా ఉంటుంది, నొప్పి ఉండదు. బాబు పై రెప్ప తిప్పనివ్వకపోతే బలవంతం చేయనక్కర్లేదు, కింది రెప్ప ఒక్కటి తీసినా పని జరుగుతుంది. ఇంకో మాట. ఫోన్, ట్యాబ్ చూసేటప్పుడు పిల్లలు రెప్ప పూర్తిగా మూయరు, సగంలోనే తెరిచేస్తారు, నూనె బయటికి రావాలంటే రెప్పలు రెండూ తాకాలి. రెప్ప పూర్తిగా మూసి తెరవడం బాబుకు నేర్పించండి.

ప్రశ్న: మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు మొదలుపెట్టబోతున్నాను. కళ్ళు ఎండిపోతాయని విన్నాను. ముందుగా ఫోటో తీయించుకోవాలా?
(గుంటూరు నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: తప్పనిసరి అని ఎక్కడా లేదు, కానీ దగ్గర్లో మెషీన్ ఉంటే, ఖర్చు భారం కాకపోతే తీయించుకోమనే చెబుతాను. ఈ మందు చర్మంలోని నూనె గ్రంథులను ఎలా తగ్గిస్తుందో రెప్పల్లోని వాటి మీదా అలాగే ప్రభావం చూపుతుంది. మందుకు ముందు ఒక ఫోటో ఉంటే తర్వాత కళ్ళు మండినప్పుడు ఏది పాతదో, ఏది కొత్తదో తేలుతుంది. ఇప్పటికే కళ్ళు పొడిబారుతుంటే ఆ సంగతి చర్మ వైద్యుడికి మాత్రలు మొదలుపెట్టకముందే చెప్పండి.

ప్రశ్న: ఒమేగా-3 క్యాప్సూల్స్ వేసుకుంటే ఫోటోలో తేడా వస్తుందా?
(విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఫోటో కోసమైతే వద్దు. అమెరికాలో డ్రీమ్ అనే పెద్ద పరిశోధనలో కళ్ళు పొడిబారే జబ్బు ఉన్నవాళ్ళకు ఏడాదిపాటు రోజుకు 3000 మిల్లీగ్రాముల ఒమేగా-3 ఇచ్చి, ఇంకొందరికి ఆలివ్ నూనె క్యాప్సూల్స్ ఇచ్చి చూశారు. 2018లో ఫలితాలు వచ్చాయి, రెండు గుంపుల్లోనూ బాధ దాదాపు ఒకేలా తగ్గింది. మీరు చేపలు తినేవారైతే తినండి. ఆ క్యాప్సూల్స్ డబ్బులతో మంచి వేడి మాస్క్ ఒకటి కొనుక్కోండి.